ఇవ్వనని చెప్పడం నేర్పిన అప్ప

నా ఎడమ కనుబొమ్మ మధ్యలో వెంట్రుకలు మొలవని గీత ఒకటుంది. వార్డులో మందులిస్తున్నప్పుడు ముసలమ్మలు మందు చూడరు, దాన్నే చూస్తారు. "ఎవులు కొట్టారమ్మా, నీ మొగుడా?" అని అడుగుతారు. ఇంకా పెళ్ళి కాలేదంటే మరింత జాలిపడతారు. మా అప్ప ఇత్తడి గ్లాసుతో కొట్టిందని చెబితే నమ్మరు. మా ఉత్తరాంధ్రలో అప్ప అంటే అక్క. అక్క అన్నది అంత గట్టిగా ఎక్కడైనా కొడుతుందా అని వాళ్ళ అనుమానం. మా అప్పని వాళ్ళు చూడలేదు మరి.

పోయిన నెల ఒక పొద్దున్న డ్యూటీ ఎక్కబోతుంటే నౌపడ నుంచి ఫోనొచ్చింది. అప్ప దగ్గర మిగిలిన ఆఖరి పిల్ల చేసింది. "అక్కా, అప్ప లెగట్నేదు. పిలస్తన్నాను, పలకట్నేదు," అంది. గొంతులో ఏడుపు లేదు. అప్ప దగ్గర పెరిగిన పిల్లలకి ఏడుపు అంత తొందరగా రాదు. విజయనగరంలో రైలెక్కి వెళ్ళేసరికి వాకిట్లో పడుకోబెట్టి ఉంచారు. నర్సునని స్నానం చేయించే పని నాకే అప్పజెప్పారు.

కుడిచెయ్యి మణికట్టు దగ్గర ఎప్పట్లాగే వంకరగా ఉంది. ఆ వంకర ఎలా వచ్చిందో నాకు తెలుసు. తెలియనిది ఇంకొకటి కనబడింది. అరచేతి అంచున, చిటికెనవేలి కింద, పళ్ళ గాట్లు. కమిలి నల్లబడ్డాయి గానీ పాతవి కావు. "ఏదో కుక్కయ్యుంటాదిలెమ్మా," అంది నీళ్ళు పోస్తున్న పక్కింటావిడ. కుక్కకాటుకి సూదులు వేసేదాన్ని నేను, నాకు తెలీదా? అవి మనిషి పళ్ళు. అప్పని కరిచి బతికి బట్టకట్టినవాడు ఎవడబ్బా అనుకుంటూనే ఆ చేతికి పసుపు రాశాను.

అప్ప ఎక్కడ పుట్టిందో, ఎప్పుడు పెళ్ళయిందో నాకు తెలియదు. అడిగితే "నీకెందుకే, కేసెడతావేటి?" అనేది. నాకు తెలిసిందల్లా ఆవిడ నౌపడ ఉప్పు మడుల్లో కూలి చేసేదని, ఆవిడకి పిల్లలు లేరని, చూసే దిక్కులేని పిల్లల్ని, అలాంటివాళ్ళ కోసం పనిచేసే ఒక సంస్థ వాళ్ళు పంపిస్తే ఇంట్లో పెట్టుకుని పెంచేదని. పాదాలు రెండూ ఉప్పునీళ్ళకి పగిలి, ఆ పగుళ్ళలో తెల్లగా ఉప్పు పేరుకుని ఉండేది. రాత్రి మేము కొబ్బరినూనె రాస్తే కాలితో తన్నేది. "రాసీసేక రేపు మడిలోకి దిగితే మళ్ళీ మంటే కదే, నాకు రెండుసార్లు మంటెందుకు?" అనేది. ఆ లెక్క ఎక్కడి లెక్కో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

చుట్ట కాల్చేది. అడ్డచుట్ట. అంటే వెలిగించిన కొస నోట్లోకి పెట్టుకుని కాల్చడం, మా వైపు పెద్దవయసు ఆడవాళ్ళ అలవాటు. నిప్పు నోట్లో ఉన్నంతసేపూ మాటలు కొంచెం అణిగి వచ్చేవి. వేళ్ళతో చుట్టని బయటికి తీసిందంటే మాత్రం ఎవరికో మూడిందన్నమాటే. ఆ వేళ్ళు నోటి దగ్గరికి వెళ్తుంటేనే మేము పెరటివైపు పరిగెత్తేవాళ్ళం. ఆవిడ మొగుడు, మేము బావ అని పిలిచేవాళ్ళం, మాకంటే ముందే పరిగెత్తేవాడు. బావ చాలా మంచివాడు, అందుకే బతుకంతా గోడవారన గడిపాడు.

మేము ఆవిణ్ణి అప్ప అని పిలవడానికి కారణం ఉంది. నేను వచ్చిన కొత్తలో ఒకరోజు అమ్మా అని పిలిచాను. ఎనిమిదేళ్ళ పిల్లని, చచ్చిపోయిన అమ్మ కోసం నోరు తపించి ఉంటుంది. అప్ప నా నోటి మీద ఒక్కటిచ్చింది. "అమ్మా అనకు. అమ్మంటే రేపు నాను అడిగిందల్లా ఇచ్చీస్తావు. అప్పా అను," అంది. నాకా రోజు ఏమీ అర్థం కాలేదు. పెదవి చిట్లింది, అంతే తెలుసు.

అడగడం, ఇవ్వడం. ఆవిడ మాట తిప్పితిప్పి అక్కడికే వచ్చేది. సంస్థ వాళ్ళ పద్ధతి ఏమిటంటే, వాళ్ళు పంపిన ప్రతి పిల్ల పేరున, ప్రతి పిల్లాడి పేరున ఒక పొదుపు ఖాతా తెరిచేవారు. నెలనెలా పిల్లలు ఎంత వేసుకుంటే సంస్థ అంత కలిపేది. పద్దెనిమిది నిండేదాకా ముట్టుకోవడానికి లేదు. నిండాక ఆ పిల్ల సంతకం ఒక్కటే చెల్లుతుంది, ఇంకెవరి సంతకమూ చెల్లదు. చదువుకి కట్టుకోవచ్చు, పనిముట్లు కొనుక్కోవచ్చు, గది అద్దెకి తీసుకోవచ్చు. వెనక ఎవరూ లేని పిల్లలకి పద్దెనిమిది నిండిన రోజంటే గోదాలోకి తోసేసిన రోజు. అప్పుడు చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా అని వాళ్ళ ఆలోచన.

మేము వేసుకోడానికి డబ్బెక్కడిది? అప్ప ఒక్కొక్కరికి ఒక్కో కోడిపెట్టని కొనిచ్చింది. పెట్ట మాది, గుడ్లు మావి. బావకి కూరలో గుడ్డు వేయాలంటే మా దగ్గరే కొనేది, డబ్బు మా చేతిలో పెట్టాకే గుడ్డు పగలగొట్టేది. ఒకసారి ఊళ్ళో కోమటి షావుకారు, గుడ్లు చిన్నవని చెప్పి నాకు సగం ధరే ఇచ్చాడు. నేను ఇంటికొచ్చి చెప్పాను. చుట్ట బయటికొచ్చింది. నా చెయ్యి పట్టుకుని ఈడ్చుకుపోయి, అతని కొట్టు మీద బుట్టలో ఉన్న నా గుడ్లన్నీ ఒక్కొక్కటీ తీసి అతని బట్టతల మీదే పగలగొట్టింది. "ఇది సిన్నదా? సెప్పు, ఇది సిన్నదా?" అంటూ. సొన కారుతున్న కళ్ళతో అతను "పెద్దయ్యే తల్లీ, పెద్దయ్యే" అన్నాడు. అప్ప పూర్తి ధర వసూలు చేసి నా చేతిలో పెట్టింది. ఆ గుడ్ల సొన వాసన ఆ కొట్లో చాన్నాళ్ళు పోలేదని జనం చెప్పుకున్నారు.

ఇంతకీ అప్పకి బెంగ షావుకారు గురించి కాదు. "బయటోడు దొంగిలిస్తే టేసనుకెల్లి కేసెట్టొచ్చు. మనోడికి నువ్వే సేత్తో ఇచ్చీసేక ఏ టేసనుకెల్తావే?" అనేది. అందుకే మాకు ఇవ్వనని చెప్పడం నేర్పింది. అది నోటితో చెబితే వచ్చే విద్య కాదని ఆవిడ నమ్మకం.

ఆదివారం మధ్యాహ్నం, అన్నాలయ్యాక, వాకిట్లో నిలబడి "మావొచ్చాడు!" అని కేకేసేది. మావయ్య వచ్చాడని. ఆ కేక వినగానే ఎక్కడున్నవాళ్ళం అక్కడినుంచి పరిగెత్తి పాసుపుస్తకం తెచ్చుకుని నడుముకి దోపుకుని వాకిట్లో నిలబడాలి. ఆ తర్వాత ఆవిడ అప్ప కాదు. ముందు మావయ్య. "ఓలమ్మ, అచ్చం నా సెల్లి పోలికే! ఎంత సిక్కిపోనావే తల్లీ. దా, కాశీబుగ్గెల్లి సినిమా సూసొద్దాం. ఆ పుస్తకం ఇలాగియ్యి, నాను దాస్తాను." ఆ గొంతులో ఎంత వెన్న కారేదంటే, అది మా అప్పేనా అని తెల్లబోయి చూసేవాళ్ళం. ఇవ్వను అనాలి. అప్పుడు తాగొచ్చిన తండ్రి అయ్యేది. తూలుతూ వచ్చి, జుట్టు పట్టుకుని వంచి, నేలకేసి తలకాయ రాసేది. ఇవ్వను అనాలి. ఆ తర్వాత ప్రేమించినవాడు. చుట్ట పెదవి చివరికి జరిపి, నడుం మీద చెయ్యేసుకుని, "నువ్వు నేకపోతే రైలు కింద పడిపోతాను" అనేది. మేము పకపకా నవ్వేవాళ్ళం. నవ్వినందుకు చెంప పగిలేది. "నవ్వుతారేటే, నిజంగా వొచ్చినోడు ఇంత అందంగా సెప్తే ఏడుస్తారు మీరు," అనేది.

ఒకే మాట చెప్పాలి. తర్వాత చూద్దాం అనకూడదు, పుస్తకం కనబడట్లేదు అనకూడదు. "అప్పనడిగి సెప్తాను" అన్న పిల్లకి రెండు ఎక్కువ పడేవి. "అప్ప సచ్చిపోతే ఎవుల్ని అడుగుతావే?" అని అడిగి మరీ వేసేది.

అన్నిటికంటే ఆఖరి వేషం కష్టం. అప్పుడు కేకలుండవు, దెబ్బలుండవు. చుట్ట ఆర్పేసి, మట్టిలో కూలబడి, "ఇప్పుడు నాను నానే," అనేది. "జొరమొచ్చినాది. మందులకి డబ్బులు నేవు. సిన్నప్పట్నించి సాకినాను కదే నిన్ను. ఇచ్చీయే తల్లీ." జుట్టు పట్టుకుని ఈడ్చినా తన్నుకొచ్చే 'ఇవ్వను' అప్పుడు మాత్రం నోటికి వచ్చేది కాదు. మిగిలిన పిల్లలు ఏదోలా గట్టెక్కేవాళ్ళు. నేను ఎప్పుడూ గట్టెక్కలేదు. నా చెయ్యి నాకు చెప్పకుండానే నడుం దగ్గరికి పోయేది. అప్ప లేచి, బావికాడి తాడు అందుకునేది.

సంస్థ నుంచి ఒక మేడమ్ వస్తూ ఉండేది, మెత్తటి మనిషి. ఒక ఆదివారం వేళగాని వేళ వచ్చి ఇదంతా కళ్ళారా చూసింది. "పిల్లల మీద చెయ్యి చేసుకోకూడదమ్మా. ఇలాగైతే వీళ్ళని తీసుకెళ్ళిపోతాం," అంది. అప్ప మా జుట్టు వదిలేసి, "కొట్టట్నేదమ్మా. రేపు ఈళ్ళని కొట్టబోయేవోల్ని సూపిస్తన్నాను," అంది. కొన్నాళ్ళు మా బదులు గుంజని కొట్టింది. గుంజకి నొప్పి లేకపోవడం ఆవిడకి నచ్చలేదు, మళ్ళీ మా మీదికే వచ్చింది.

కొట్టడం మంచిదని నేను చెప్పను. దెబ్బలు తిని వచ్చే ఆడవాళ్ళ ఒళ్ళు కడిగేది నేనే. ఆ మేడమ్ చెప్పిందే న్యాయం. ఆ తాడు వాతలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, అప్ప మీద ప్రేమతో పాటే మండుతుంది. రెంటినీ విడదీయమంటే నా వల్ల కాదు.

ఆవిడ అలా ఎందుకయిందో చెప్పే వస్తువు ఆ ఇంట్లో ఒకటుంది. గోడ గూట్లో దీపం పక్కన ఒక పన్ను. మనిషి పన్ను, ముందు పన్ను. ఆవిడ పెంచిన మొదటి పిల్లాడిది. మేమెవరమూ అతన్ని చూడలేదు. కరెంటు పని నేర్చుకున్నాడట, పద్దెనిమిది నిండాక పనిముట్లు కొనుక్కుని విశాఖపట్నంలో గది తీసుకుందామనుకున్నాడట. ఇంతలో ఎన్నడూ కనబడని తండ్రి ఎక్కణ్ణుంచో ఊడిపడ్డాడు. బెల్లమున్నచోటు ఈగకి ఒకరు చెప్పాలా? కొడుకు కాళ్ళ మీద పడి ఏడ్చాడు. అంతవరకు ఎవరూ తన కోసం ఏడ్చి ఎరగని కుర్రాడు మొత్తం తీసి ఇచ్చేశాడు. అది తాగడం అయ్యాక తండ్రి ఇంకా కావాలని మళ్ళీ వచ్చాడు. లేదంటే నమ్మలేదు. ఈ వాకిట్లోనే ఇటుకముక్కతో కొడుకు మూతి పగలగొట్టాడు. అప్ప మడిలోంచి పరిగెత్తుకొచ్చేసరికి ఆలస్యమైపోయింది. ఆ కుర్రాడు నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని స్టేషన్‌కి పోయి ఏదో రైలెక్కాడు, మళ్ళీ రాలేదు. మర్నాడు వాకిలి ఊడుస్తుంటే చీపురుకి పన్ను తగిలింది.

కొత్తగా ఏ పిల్ల వచ్చినా అన్నం పెట్టడానికి ముందే అప్ప ఆ పన్ను తీసి చూపించేది. "సూసేవా? ఇచ్చీస్తే మిగిలేది ఇదీ," అనేది. తర్వాత చెయ్యి కడుక్కుని అన్నం వడ్డించేది.

నా వంతు వచ్చింది. నర్సింగులో సీటు వచ్చింది. ఖాతా నా సంతకానికి తెరుచుకుంది. ఆ డబ్బుంటే కోర్సూ హాస్టలూ, లేదంటే ఉప్పు మడి. ఫీజు కట్టడానికి శ్రీకాకుళం బయల్దేరబోయే ముందురోజు మా మేనమామ దిగాడు. నెల్లిమర్ల జూట్ మిల్లులో పని చేసి మానేసినవాడు. మా అమ్మ పోయాక "మాకొద్దు, మీరే ఉంచుకోండి" అని కాయితం మీద వేలిముద్ర వేసి నన్ను సంస్థ గుమ్మంలో వదిలి వెళ్ళినవాడు. ఇన్నేళ్ళ తర్వాత చీర, అరటిపళ్ళు, పసుపూ కుంకుమా పళ్ళెంలో పెట్టుకుని, వెంట ఇద్దరు మనుషుల్ని వేసుకుని వచ్చాడు. నేను మడిగట్టు మీద అప్పకి చద్దెన్నం ఇస్తున్నాను.

"నా సెల్లి కూతురు. మేనరికం నాది. నా కొడుక్కి సేసుకుంటాను," అన్నాడు అప్పతో. మా వైపు మేనమామ మాట అంటే మాటే. పిల్ల మీద మొదటి హక్కు అతనిదంటే పెద్దమనుషులు కూడా తలూపుతారు. అప్ప చుట్ట నోట్లోనే ఉంచుకుని, "సేసుకోలే. పిల్లనడుగు," అంది. అతను నా వైపు తిరిగి తల నిమిరాడు. "ఎంత సిక్కిపోనావే తల్లీ," అన్నాడు. అచ్చు ఆ మాటే. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే నడుముకి దోపుకున్న పుస్తకాన్ని చేత్తో అదుముకున్నాను. "పుస్తకం నీ దగ్గరే ఉన్నాదా?" అన్నాడు తర్వాత.

"ఇవ్వను," అన్నాను.

అతని మొహం మారిపోయింది. జడ చేతికి చుట్టుకుని నన్ను గట్టు మీద ఈడ్చాడు. మోకాళ్ళు చీరుకుపోయాయి. నడుం తడుముతున్నాడు. నేను బోర్లా పడి పొట్ట కింద పుస్తకాన్ని అదిమిపెట్టి, ఇవ్వను ఇవ్వను అని అరుస్తున్నాను. అప్ప చుట్ట బయటికి తీసింది. ఎర్రగా మండుతున్న కొసని అతని ముంజేతి మీద పెట్టి నొక్కింది. కాలిన వాసన వచ్చింది. అతను జడ వదిలేసి కెవ్వుమన్నాడు. అక్కడ ఉప్పు లాగే పలక పడి ఉంది, పొడుగాటి కర్రకి చెక్క బిగించినది. దాన్ని ఎత్తి అప్ప తల మీద కొట్టబోయాడు. అప్ప చెయ్యి అడ్డం పెట్టింది. ఎండుకర్ర విరిగిన చప్పుడైంది. విరిగింది కర్ర కాదు.

ఆవిడ అరవలేదు. వేలాడుతున్న కుడిచేతిని పొట్టకి ఆనించుకుని, ఎడమచేత్తో పలక లాక్కుని అతని మోకాలి వెనక కొట్టింది. అతను మడిలో పడ్డాడు. లేవబోతే మళ్ళీ కొట్టింది. ముక్కు మీద, భుజం మీద, ఎక్కడ తగిలితే అక్కడ. చిట్లిన చోటల్లా ఉప్పునీళ్ళు పట్టి అతను పెట్టిన కేకలు రోడ్డు దాకా వినబడ్డాయట. వెంట వచ్చిన ఇద్దరూ అతన్ని మోసుకుని పోయారు. కుంకుమ అంతా మడిలో కలిసింది. అప్ప గట్టు మీద కూచుని, "అరటిపళ్ళు పట్టుకురాయే, పిల్లలు తింటారు," అంది. ఆ మాట పూర్తయ్యాక కళ్ళు తేలేసింది.

టెక్కలి ఆస్పత్రిలో డాక్టరు ఎముక ముక్కలైందని చెప్పాడు. విశాఖపట్నం తీసుకెళ్ళి రాడ్డు వేయిస్తే చెయ్యి చెయ్యిలా ఉంటుంది, కట్టుతో సరిపెడితే వంకరగా అతుక్కుంటుందన్నాడు. ఆపరేషన్ ఉచితమే. కానీ పోనూ రానూ, అక్కడ ఉండడానికి, పని లేనన్నాళ్ళు ఇంట్లో ఇంతమంది తినడానికి? బావ నా వైపు చూశాడు. ఏమీ అడగలేదు, చూశాడంతే. నేను నడుంలోంచి పుస్తకం తీసి అప్ప మంచం మీద పెట్టాను.

"విశాఖపట్నం ఎల్దాం అప్పా. కోర్సు వచ్చే ఏడాది సూసుకుంటాను."

అప్ప ఎడమచేతిలో టీ ఉన్న ఇత్తడి గ్లాసుంది. ఆ గ్లాసుతోనే నా కనుబొమ్మ మీద కొట్టింది. కళ్ళలోకి టీ, దాని వెనకే రక్తం.

"నాను అడిగితేనే ఇవ్వొద్దన్నానే! అడక్కుండా ఇస్తన్నావేటే దొంగముండా?"

మళ్ళీ కొట్టడానికి గ్లాసు ఎత్తింది. అప్పుడు నాలో ఏదో తెగింది. "ఇవ్వను!" అని అరిచాను. "నీకు ఒక్క రూపాయి ఇవ్వను. నీ సెయ్యి కుళ్ళిపోనీ. సచ్చిపో! ఇవ్వను!" వార్డంతా మా వైపే చూసింది. పుస్తకం లాక్కుని గుండెలకి హత్తుకున్నాను. జీవితంలో ఎవరినీ అంతగా అసహ్యించుకోలేదు నేను.

అప్ప గ్లాసు దించింది. తలగడ మీదికి ఒరిగింది.

"అద్గదీ," అంది.

అదే గదిలో ఆవిడకి కట్టు కట్టారు, నాకు కుట్లు వేశారు. మర్నాడు కుట్లతోనే వెళ్ళి ఫీజు కట్టాను. చెయ్యి వంకరగానే అతుక్కుంది. ఆవిడ ఎడమచేత్తో ఉప్పు లాగడం నేర్చుకుంది. ఎడమచేత్తో కొట్టడం అంతకుముందే వచ్చు. మొదటి జీతంతో చీర కొనుక్కెళితే కంచె మీదికి విసిరేసి, "నీ అద్దె కట్టీసేవా ముందు?" అంది. తర్వాత కట్టుకుందో లేదో నేను చూడలేదు. ఒంట్లో బాగాలేదని మాత్రం ఏ రోజూ ఫోనులో చెప్పలేదు. చెబితే పంపిస్తానని తెలుసు.

చిన్నకర్మ నాడు మళ్ళీ వెళ్ళాను. ఆఖరి పిల్లకి ఆ మధ్యనే పద్దెనిమిది నిండాయి, కుట్టుమిషన్ కొనుక్కుని పలాసలో చిన్న కొట్టు పెట్టాలని దాని ఆశ. అప్పటికే దాని మేనత్త ఒకావిడ దిగింది. మా అందరికంటే గట్టిగా ఏడ్చింది, చచ్చిపోయినావిడ మొహం ఎన్నడూ చూడకపోయినా. ఏడుపయ్యాక పిల్లని ముందు కూచోబెట్టుకుని తల దువ్వుతోంది. "ఎంత సిక్కిపోనావే అమ్మా," అంటోంది. బావ ఎప్పటిలా గోడవారన కూచున్నాడు. పెద్దకర్మకి భోజనాలు పెట్టడానికి అతని దగ్గర ఏమీ లేదని అందరికీ తెలుసు. నాకు లోపల మండుతోంది.

అన్నాలయ్యాక వాకిట్లోకి వెళ్ళి నిలబడ్డాను.

"మావొచ్చాడు!" అన్నాను.

మేనత్త చేతిలో దువ్వెన అలాగే ఉండిపోయింది. పిల్ల విసురుగా లేచి లోపలికి పరిగెత్తి, నడుం దగ్గర పుస్తకం దోపుకుని వచ్చి నా ఎదురుగా నిలబడింది. జుట్టు పట్టుకుని ఈడ్చే వేషం వేయాలనుకున్నాను. కానీ చెయ్యి రాలేదు. కూలబడి, దాని చెయ్యి పట్టుకున్నాను.

"అప్ప కర్మకి డబ్బులు నేవే," అన్నాను. "పదిమందికి అన్నం ఎట్టకపోతే ఆవిడకి గతులుండవు. నిన్ను సాకినాది కదే. నీ దగ్గర ఉన్నాయి. బావని సూడు. ఇచ్చీయే తల్లీ."

చెబుతుంటే నాకే ఏడుపొచ్చింది. అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. పిల్ల నోరు తెరిచింది, మాట రాలేదు. కళ్ళలో నీళ్ళు నిండాయి. చెయ్యి నడుం వైపు కదిలినట్టే ఉంది. అయిపోయింది, ఇది కూడా నాలాంటిదే అనుకున్నాను. చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

వంగి నా అరచేతిని కరిచింది.

ఊరికే కాదు. చిటికెనవేలి కింద, పళ్ళు దిగేలా. నేను కెవ్వుమని చెయ్యి లాక్కున్నాను. రక్తం వచ్చింది. మేనత్త "ఓలమ్మో!" అని గోడ దాకా వెనక్కి జరిగింది. అరగంటలో సంచీ సర్దుకుని వెళ్ళిపోయింది కూడా. నేను మాత్రం నా చేతి మీది గాట్లనే చూస్తున్నాను. ఆ గాట్లు నాకు తెలుసు. అవే గాట్లకి పసుపు రాశాను.

"అప్పని కరిసింది నువ్వా?" అన్నాను.

పిల్ల తలూపింది. "మంచం మీద పడుకునుండి ఇలాగే అడిగింది. ఆయాసమొస్తన్నాది, మందులకి నేవు, ఇచ్చీయే అన్నాది. సెయ్యి పట్టుకుంది, వదల్లేదు. నాకు మాట రాలేదక్కా. కరిసీసేను."

"ఆటకి అడిగిందా, నిజంగానే అడిగిందా?"

"తెల్దు."

"నాకెందుకు ఫోన్ సెయ్యలేదే?"

"సేస్తే కాళ్ళిరగ్గొడతానంది."

నా చెయ్యి మండుతోంది. పిల్ల పమిట చెంగు చించి కట్టు కట్టబోయింది. వద్దని ఆపాను.

"మరి కరిస్తే అప్ప ఏటన్నాది?"

పిల్ల ముక్కు తుడుచుకుంది. నడుం దగ్గర పుస్తకం ఉందో లేదో తడిమి చూసుకుంది.

"అద్గదీ, అంది."